తుపాకి రాముడి గప్పాలు

పాత ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. జనాన్ని నవ్వించే ఈ వేషగాణ్ణి మిగతా చోట్ల పిట్టలదొర అంటారు గానీ మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అతను తుపాకి రాముడే. అంగట్లో నిలబడి మీసం దువ్వి మొదలుపెడతాడు: "నాకు ముప్పై ఎకరాల తరి ఉన్నది." ఒక్క క్షణం ఆగుతాడు. "చెరువు ఎండితేనే కనవడ్తది!" పనితనమంతా ఆ ఆగడంలోనే ఉంది. జనం నవ్వినా తను నవ్వకూడదు. నవ్వాడా, గప్పా అక్కడికక్కడే చచ్చింది.

ఇలా నవ్వించే తీరులోనే మనిషి గుణాన్ని పట్టుకోవచ్చని మనస్తత్వ శాస్త్రం అంటుంది. కెనడాకు చెందిన రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు తీర్లుగా విడదీసింది: నలుగురినీ కలిపేది, కష్టంలో తనను తాను నిలబెట్టుకునేది, ఎదుటివాణ్ణి పొడిచేది, తనను తాను చిన్నబుచ్చుకునేది. కలుపుగోలు మనుషుల్లో మొదటిది, మెత్తదనం తక్కువైనవాళ్ళలో మూడోది, లోపల దిగులున్నవాళ్ళలో నాలుగోది ఎక్కువట.

ఈ లెక్కన, తన గొప్పల గాలి తనే తీసుకునే తుపాకి రాముడు నాలుగో గడిలో పడాలి. నేనొప్పుకోను. ఆ కోటు ఎవరిది? ఆ మీసం, ఆ పెత్తనం ఎవరివి? దొరను ఎదురుగా ఏమీ అనలేని ఊళ్ళో దొర వేషమేసుకుని డాంబికమంతా బయటపెట్టడం పిరికివాడి పని కాదు. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఆ పనే కలంతో చేశారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన ఆయన, 'మొగలాయి కథలు'లో నిజాం కాలపు అధికారుల తీరును నవ్వులపాలు చేశారు.

నాలుగో తీరు అసలు రూపం హాస్టల్ గదుల్లో కనబడుతుంది. ఎవరో అనకముందే తనను తానే బండోడా అనుకుని దోస్తులను నవ్వించే పిల్లవాడుంటాడు. అందరూ నవ్వుతారు, వాడూ నవ్వుతాడు. రాముడు సాయంత్రం కోటు విప్పేస్తాడు. వీడికి విప్పేందుకు కోటు లేదు. ఇక మూడో తీరు సంగతికొస్తే, పెళ్ళిళ్ళలో వియ్యంకుణ్ణి కుళ్ళబొడిచి "ఉత్తగ మష్కిరి చేసిన" అని తప్పించుకునేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అలాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

మీ పిల్లల్లో ఎవరైనా తనమీద తనే జోకులు మరీ ఎక్కువ వేసుకుంటుంటే, నవ్వాక పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడండి. తుపాకి రాముడు మీ వాడకొస్తే మటుకు ఇంకో గప్పా చెప్పించుకోండి, పైసలు తక్కువియ్యకండి.