మానవ వనరుల చదువు: సిలబస్‌లో లేని కులం

వేల్పూర్ మండలంలో పసుపు తవ్వకాలప్పుడు చేను దగ్గర నిలబడి చూడండి. తవ్వేవాళ్ళెవరు, కాడి, గోళ వేరుచేసేవాళ్ళెవరు, ఉడకబెట్టే కాడ పొగలో నిలబడేవాళ్ళెవరు? కాంటా కాడ, లెక్క పుస్తకం కాడ కూర్చునేవాళ్ళెవరు? ఆర్మూర్ ప్రాంతంలో పుట్టిన ఏ పిల్లగాడినడిగినా టక్కున చెప్తడు. అదే పిల్లగాడు డిగ్రీ పాసై, ఐసెట్ రాసి ఎంబీఏలో చేరి మానవ వనరుల నిర్వహణ, సంస్థాగత ప్రవర్తన, నాయకత్వం అనే పేపర్లు చదివితే మాత్రం, తనకు తెలిసిన ఈ జవాబు రాసే చోటు ఎక్కడా దొరకదు. ఎందుకు దొరకదన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

ఈ చదువు అమెరికా ఫ్యాక్టరీల్లో పుట్టింది. ఫ్రెడరిక్ టేలర్ కూలీ కదలికలను గడియారం పెట్టి కొలిచాడు. 1924 నుంచి 1932 దాకా హాథార్న్‌లో జరిగిన ప్రయోగాల నుంచి, కూలీకి మనసు కూడా ఉంటుందని ఎల్టన్ మేయో చెప్పాడు. 1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్ యజమానుల ఆలోచనను ఎక్స్, వై అని రెండుగా విడదీశాడు. మనుషులు పుట్టుకతోనే సోమరులు, బెదిరిస్తే తప్ప పనిచేయరు అనేది ఎక్స్ సిద్ధాంతం. ఈ మాట మనకు కొత్తదా? జీతగాళ్ళ గురించి పటేళ్ళు, దొరలు తరతరాలుగా అన్నది ఇదే కదా! తేడా ఒక్కటే. మెక్‌గ్రెగర్ దాన్ని కూలీలందరి మీద యజమానికున్న అభిప్రాయంగా చూశాడు. ఇక్కడ అది కొన్ని కులాల మీద వేసిన ముద్ర.

మన దేశంలో 1975 ప్రాంతంలో ఉదయ్ పరీక్, టి.వి. రావు సలహా మీద లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ మానవ వనరుల అభివృద్ధి విభాగం పెట్టింది. 1985లో కేంద్ర విద్యాశాఖకే ఆ పేరు పెట్టారు. దానికి మొదటి మంత్రి మన తెలంగాణ మనిషి పి.వి. నరసింహారావు. 2020లో మళ్ళీ విద్యాశాఖ అన్నారు గాని కాలేజీల్లో ఆ మాట పాతుకుపోయింది. నీటి వనరు, ఖనిజ వనరు, మానవ వనరు. వనరు అంటే తోడుకునేది, తవ్వుకునేది. తోడేవాడెవడని వనరు అడగదు.

పుస్తకాల్లోని కార్మికుడికి జీతం ఉంటుంది, అవసరాలుంటాయి, వైఖరి ఉంటుంది. కులం ఉండదు. వైవిధ్యం మీద ఒక పాఠం ఉందని కొందరు అధ్యాపకులు అంటారు. నిజమే. కానీ అమెరికా పుస్తకాల్లోకి ఆ పాఠం ఊరికే రాలేదు. నల్లజాతి ప్రజలు వీధుల్లో కొట్లాడి 1964లో పౌర హక్కుల చట్టం తెచ్చుకున్నాక వచ్చింది. మనవాళ్ళు పాఠం తెచ్చుకుని పోరాటాన్ని అక్కడే వదిలేశారు. మన పుస్తకాలు చాలావాటిలో భాష, ప్రాంతం, వయసు వైవిధ్యమవుతాయి. రిజర్వేషన్ మాత్రం నియామకాల మీద బయటి ఒత్తిళ్ళ జాబితాలో ఒక లైను. అంటే దళితుడు సంస్థ లోపలి మనిషి కాదు, బయటి నుంచి పడే బరువు!

సంస్థ అంటే ఏమిటో దళితవాడ పిల్లలకు కాలేజీకి రాకముందే తెలుసు. నిజామాబాద్ జిల్లాలో, ముఖ్యంగా ఆర్మూర్ చుట్టుపట్ల ఊర్లలో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. వాటికి చట్టబద్ధత లేదు. అయినా వసూళ్ళు చేస్తాయి, వేలం పాటలు పెడతాయి, తీర్పులు చెప్తాయి, జరిమానాలు వేస్తాయి. పేరుకు అన్ని కులాల మనుషులుంటారు. మాట చెల్లేది భూమి ఉన్న కులాలదే. ఎదురుతిరిగిన కులాన్ని, కుటుంబాన్ని బహిష్కరించిన ఘటనలు ఈ జిల్లాలో పదే పదే బయటికొచ్చాయి. దుకాణంలో సరుకియ్యరు, కూలికి పిలవరు, మాట్లాడినోళ్ళకు జరిమానా. నాయకత్వం, క్రమశిక్షణ, ప్రోత్సాహం, శిక్ష అని సిలబస్‌లో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి. మరి ఒక్క ప్రాజెక్టు రిపోర్టయినా దీని మీద ఎందుకు రాయించరు?

ఇది ఊరి వెనుకబాటు, కంపెనీల్లో ప్రతిభే చూస్తారని కొందరు వాదిస్తారు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఒకే రకం అర్హతలతో వేర్వేరు పేర్ల మీద ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపి చూశారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. అదే ఏడు సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ మానవ వనరుల మేనేజర్లనే కలిసి మాట్లాడారు. ప్రతిభే చూస్తామన్నవాళ్ళే కుటుంబ నేపథ్యం కూడా ముఖ్యమన్నారు. మీ నాన్న ఏం చేస్తాడు అన్న ప్రశ్న మర్యాదగా అడిగిన కులం ప్రశ్నే. 2012లో వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులను లెక్కేస్తే 93 శాతం మంది అగ్రకులాలవాళ్ళు, ఎస్సీ ఎస్టీలు కలిపి 3.5 శాతం. మన పిల్లగాడు నేర్చుకునేది ఈ గేటు కాపలా పనే. రేపు ఆ కుర్చీలో కూర్చుని ఆ ప్రశ్నే అడగటం నేర్చుకుంటున్నాడా, దాన్ని కొట్టేయటం నేర్చుకుంటున్నాడా?

పుస్తకాలకు ఉదాహరణలు కావాలంటే మన చరిత్రలో కొదవ లేదు. 1917లో విదేశాల్లో చదివొచ్చిన అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే బంట్రోతులు ఫైళ్ళు దూరం నుంచి విసిరారు, తాగటానికి నీళ్ళు దొరకలేదు, ఉండటానికి ఇల్లు దొరకలేదు. సంస్థాగత ప్రవర్తనకు ఇంతకంటే పాఠమేముంటుంది? మరుసటేడు ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూశాడు. వారానికి 48 గంటల పని అన్న 1946 ఫ్యాక్టరీ చట్ట సవరణ ఆయన హయాంలోనిదే. కామర్స్ చెప్పినవాడు, కార్మిక చట్టం చేసినవాడు కామర్స్ విభాగాల్లో జయంతినాటి పటంగా మిగిలాడు. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత బడులు నడిపిన భాగ్యరెడ్డి వర్మ నాయకుడు కాదా?

వేల్పూర్‌లోనే ఒక పాఠముంది. 2001లో అప్పటి కలెక్టర్ జి. అశోక్ కుమార్ మొదలుపెట్టిన ఉద్యమంతో పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చారు. ఆ అక్టోబర్ 2న మండలాన్ని బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. తల్లిదండ్రులకు యజమానులిచ్చిన సుమారు 35 లక్షల రూపాయల అప్పులు రద్దయ్యాయి. మేనేజ్‌మెంట్ క్లాసులో దీన్ని చెప్తే ఒక అధికారి నాయకత్వ విజయంగా చెప్తారు. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ బిడ్డను తాకట్టు పెట్టించిన ఆ అప్పు ఎవరి దగ్గర ఎవరు తెచ్చుకున్నది? బిడ్డ కూలి పోయినా సరే బడికి పంపిన తల్లిది నాయకత్వం కాదా? ఇంకొక మాట. బిడ్డ వనరు కాదని ఒప్పుకున్నాకే కదా ఆ పని జరిగింది!

ఈ చదువు మానేయమని ఎవరం చెప్పం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో తెరుచుకున్న తలుపు అది, మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపే కాలేజీల మీద కొట్లాట ఎట్లాగూ ఉంది. దానితోపాటు సిలబస్ మీద కూడా కొట్లాడాలి. నియామకాల పాఠంలో కులవివక్ష పరిశోధనలు పెట్టాలి. ప్రాజెక్టు పనికి గ్రామాభివృద్ధి కమిటీని, మార్కెట్ యార్డు హమాలీ పనిని, బీడీ కంపెనీని తీసుకునే వీలుండాలి. సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు. అధ్యాపకులు రేపటి క్లాసులోనే ఒక ప్రశ్న ఇవ్వొచ్చు: మీ ఊర్లో ఏ పని ఏ కులం చేస్తుంది, దాన్ని నిర్ణయించింది ఎవరు? వాడల నుంచి వచ్చిన పిల్లలు ఆ పేపర్లో ఫస్ట్ మార్కు తెచ్చుకుంటారు.