ఆంగ్ల బైబిలులలో మన యింటి కేది?

బెంగుళూరున స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబములలో సాయంకాల ప్రార్థనవేళ నొక చిత్రమైన యిబ్బంది కానవచ్చుచున్నది. అవ్వ చేతిలో అట్ట వదులైన తెలుగు పరిశుద్ధ గ్రంథ ముండును. మనుమనికి తెలుగు మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. బడిలో నేర్చినవి ఆంగ్లము, కన్నడము. కావున వాని చేతి కొక ఆంగ్ల బైబిలు నిత్తురు. ఒక వచనము అవ్వయు, తరువాతి వచనము మనుమడును చదువుదురు. ఆ పుస్తకములు రెండును ఒకదానితో నొకటి పొసగినచో పఠనము సాగును. పొసగనిచో పిల్లవాడు తల యెత్తి "అవ్వా, నా పుస్తకంలో అట్ల లేదే!" అనును. అవ్వ కళ్లజోడు సవరించుకొని మరల చదువును. నాలుగు దినము లిట్లు జరిగిన పిమ్మట ఆ ప్రార్థన యే నిలిచిపోవును. ఆంగ్లానువాదములలో ఏది మేలన్న ప్రశ్న మనకు పండితుల గొడవ మాత్రమే కాదని చెప్పుటకే యిది వ్రాసితిమి.

మహాత్మాగాంధీ రోడ్డున బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి కార్యాలయము గల యీ నగరమున గ్రంథములకు కొరత లేదు. ఎన్నిక యొక్కటే కష్టము. "అన్నియు నొకటే, ఏదైనను కొనుడు" అనుట మర్యాద గావచ్చును గాని నిజము గాదు.

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదమును తొలుత చెప్పవలెను. చెవి కింపైన నడకలో దానికి సాటి లేదు. ఆంగ్ల సాహిత్యము చదువగోరువాడు దానిని తప్పింపరాదు. అయినను మాటలు నాలుగు శతాబ్దములలో దారి మార్చుకొన్నవి. చిన్నబిడ్డలను రానియ్యుడని ప్రభువు పలికిన తావున అందులో 'సఫర్' అను మాట కలదు. ఆనాడు దాని కర్థము అనుమతింపుడని. నేటి పిల్లవానికి తోచునది బాధ. ఇంతకంటె చిక్కైనది మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయము. అవ్వ పుస్తకమున 'ప్రేమ' యున్నచోట కింగ్ జేమ్స్ లో 'చారిటీ' యున్నది. నేటి ఆంగ్లమున చారిటీ యనగా దానధర్మము. ఆస్తి యంతయు బీదలకు పంచిపెట్టినను అది లేనిచో వ్యర్థమని అపొస్తలుడు చెప్పుచుండగా, అంత దానము చేసినవానికి దానగుణము లేకుండు టెట్లని పిల్లవా డడిగిన తప్పు వానిది కాదు. 16వ శతాబ్దిలోనే టిండేల్ అచ్చట 'లవ్' అని తేటగా వ్రాసి యుండెను. దాని నేల విడిచిరా యని మాకు నేటికిని వింతయే.

1952లో సంపూర్ణముగా వెలువడిన రివైజ్డ్ స్టాండర్డ్ అనువాదము ఇట్టి పాత మాటలను తొలగించినది. గాని యెషయా 7వ అధ్యాయము 14వ వచనమున పెద్ద కలహము తెచ్చుకొన్నది. హీబ్రూ మూలమందలి 'అల్మా' అను మాటను పూర్వులు పురుషు నెరుగని స్త్రీ యను నర్థమున తెలిగించి— కాదు, ఆంగ్లీకరించి యుండగా, వీరు 'యంగ్ వుమన్' అనగా యువతి యని మార్చిరి. అమెరికాలో ఆ పుటను దహించిన బోధకుడును కలడు. ఇచ్చట మన పాత తెలుగు అనువాదమును మెచ్చుకొనవలెను. అందలి 'కన్యక' యను మాట పెండ్లి కాని పడుచునకు చెల్లును, పవిత్రతయు సూచించును, కలహమునకు తావియ్యదు. 2001లో వచ్చిన ఇంగ్లిష్ స్టాండర్డ్ అనువాదము మరల 'వర్జిన్' అనియే నిలిపినది. భాషాశాస్త్రము చూచినచో రివైజ్డ్ స్టాండర్డ్ వారి పక్షమే బలమైనదని మా యభిప్రాయము. అవ్వ ప్రక్కన కూర్చుండి చదువుటకు మాత్రము రెండవదే కుదురును.

1976 నాటి గుడ్ న్యూస్ బైబిలును, 1978 నాటి న్యూ ఇంటర్నేషనల్ అనువాదమును సుబోధములు. మొదటిది మాటను విడిచి భావమును పట్టును. ఒంటరిగా చదువుకొను పదేండ్ల పిల్లకు అంతకంటె మంచి పుస్తకము లేదు. తెలుగు ప్రక్కన పెట్టినప్పుడే అది తడబడును. మన గ్రంథము మాట వెంట మాట నడచునది గదా.

కథోలికుల యిండ్లలో లెక్క వేరు. వారి గ్రంథమున 73 భాగములు, ప్రొటెస్టంటుల దానిలో 66. రివైజ్డ్ స్టాండర్డ్ కు 1966లోనే కథోలిక ప్రతి వచ్చినది. ఇంగ్లిష్ స్టాండర్డ్ కథోలిక ప్రతి 2018లో ప్రథమముగా మన బెంగుళూరుననే ఏషియన్ ట్రేడింగ్ కార్పొరేషన్ వారిచే ప్రకటితమైనది. దాని ననుసరించిన ఆంగ్ల పూజాపఠనములు 2020 ఏప్రిల్ 5, మట్టల ఆదివారము మొదలు అమలునకు వచ్చినవి. ఆనాడు దేశమంతట లాక్ డౌన్. గుడి తలుపులు మూసియే యుండెను! అత్తవారిది ఒక సభ, పుట్టినవారిది వేరొక సభ యైన యింట ఈ రెండనువాదములలో నొకటి ఇరువురకును పనికివచ్చును.

ఇక ఏ ఆంగ్లానువాదమును ఈయజాలనిది యొకటి కలదు. మార్కు సువార్త 4వ అధ్యాయమున తుపానులో శిష్యులు నిద్రించుచున్న ప్రభువును లేపి నశించుచున్నామని మొరపెట్టుదురు. ఆంగ్లమున 'వియ్' అనిన చాలును. తెలుగువాడు 'మేము' అనవలెనా, 'మన' మనవలెనా? 'మన' మన్నచో ప్రభువును మునిగిపోవును. 'మే' మన్నచో ఆయనకు ముప్పు లేదన్న నమ్మకమో, ఆయనకు తమ గోడు పట్టదన్న నిష్ఠురమో ధ్వనించును. మన పూర్వులు 'మేము' అనిరి. ఆ నిష్ఠురమే ఆ ఘట్టమునకు ప్రాణమని మాకు తోచుచున్నది. అట్లే కింగ్ జేమ్స్ లోని 'దౌ' అను సంబోధనను మన పిల్లలు గొప్ప గౌరవవాచక మనుకొందురు. అది వట్టి ఏకవచనమే. అవ్వ ప్రార్థనలో దేవుని 'నీవు' అనుట వంటిది. 1812లో శ్రీరామపురమున మూడు సువార్తలు తెలుగున అచ్చైన నాటినుండి మనవారు ఇట్టి చిక్కులు విప్పుచునే యున్నారు. ఆ శ్రమఫలము మనుమనికి ఆంగ్లముననే దొరకునది కాదు.

కావున కలిసి చదువుటకు ఇంగ్లిష్ స్టాండర్డ్ నో రివైజ్డ్ స్టాండర్డ్ నో కొనుడని మా సలహా. ఇంగ్లిష్ స్టాండర్డ్ వాక్యము కొంత బిరుసు. అది మన గ్రంథమునకును ఉన్న గుణమే గనుక సరిపోవును. ఇంటనున్న కింగ్ జేమ్స్ ను పాతకాగితముల వానికి వేయకుడు. అంగడికి పోవునపుడు పిల్లవానిని, తెలుగు గ్రంథమును వెంట గొనిపోయి, కొరింథీ 13వ అధ్యాయమును, మార్కు 4వ అధ్యాయమును అచ్చటనే వాని చేత బిగ్గరగా చదివింపుడు. వీలైనచో అవ్వనుకూడ.