అంబాసిడర్‌ని నిద్ర లేపే విద్య

2014 మే నెలలో పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలోని హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీ ఆగిపోగానే అంబాసిడర్ కథ ముగిసిందని పత్రికలన్నీ రాశాయి. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ పోలికలు పుణికి పుచ్చుకుని, 1950ల చివర్లో రోడ్డెక్కి, ఐదున్నర దశాబ్దాలకు పైగా తయారైన బండి అది. మన ఊళ్లలో మాత్రం చాలా అంబాసిడర్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగిపోయాయి. రైసుమిల్లుల వెనక రేకుల షెడ్లలో, పొగాకు బ్యారన్ల పక్కన, ప్లీడర్ల పాత పెంకుటిళ్ల వసారాల్లో దుమ్ము కొట్టుకుపోయి ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక ఎండాకాలం బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, వచ్చే నెల చూద్దామనుకుని ఉంటారు. ఈలోగా ఇంట్లోకి మారుతీ వచ్చి ఉంటుంది.

ఈమధ్య వాటి మీద మళ్లీ మోజు పుట్టింది. తాతగారి కారు బయటికి తీసి తిప్పాలని మనవలకు కోరిక. మంచిదే. కాకపోతే ఎక్కువమంది ముందుగా చేసే పని కొత్త బ్యాటరీ తగిలించి తాళం తిప్పడం. ఇరవై ఏళ్ల నిలవలో జరగని నష్టం ఆ ఒక్క నిమిషంలో జరిగిపోతుంది. ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌లో ఆయిల్ అంతా కిందికి జారి సంపులో చేరుతుంది. పైన సిలిండర్ గోడలు ఎండిపోతాయి. గాలిలో తేమకు సన్నటి తుప్పు పట్టి పిస్టన్ రింగులు గోడలకు అతుక్కుంటాయి. సెల్ఫ్ మోటారు బలవంతంగా తిప్పిందంటే రింగు విరుగుతుంది, లేదా గోడ మీద గీత పడుతుంది. ఆ తర్వాత లేత్ షాపు, బోరింగు, కొత్త పిస్టన్లు. చిన్న ఖర్చుతో పోయేది ఇంజన్ విప్పేదాకా వస్తుంది.

అనుభవం ఉన్న మెకానిక్ ముందు బానెట్ ఎత్తి చేతులు కట్టుకుని నిలబడతాడు. ఎలుకలు వైరింగు ఎక్కడ కొరికాయి, ఎయిర్ ఫిల్టర్‌లో గూడు పెట్టాయా, సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టి కూరాయా అన్నది చూస్తాడు. సీటు కింద పాము ఉందేమో చూడటం కూడా ఈ పనిలో భాగమే, నవ్వులాట కాదు. తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త పల్చని ఆయిల్ పోస్తాడు. డీజిల్‌లో ఇంజన్ ఆయిల్ కలిపి పోసేవాళ్లున్నారు, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఏటీఎఫ్ పోసేవాళ్లూ ఉన్నారు. అలా పోసి రోజుల తరబడి వదిలేయాలి. ఈ పనిలో సగం వదిలేసి ఊరుకోవడమే.

నానిన తర్వాత హ్యాండిల్ తీస్తారు. అంబాసిడర్ ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పెట్టే రంధ్రం ఉంటుంది. సెల్ఫ్ నమ్మకంగా పనిచేయని రోజుల్లో దాన్ని తిప్పే బండి స్టార్ట్ చేసేవాళ్లు. ఇప్పుడు అది స్టార్ట్ చేయడానికి కాదు, తడిమి చూడటానికి. పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. గట్టిగా ఉంటే ఆపి మళ్లీ నూనె. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచుకోవాలి, హ్యాండిల్ చుట్టూ బిగించకూడదు. ఎప్పుడూ కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తొయ్యకూడదు. ప్లగ్గులు పెట్టాక ఇంజన్ ఎదురు తిరిగిందంటే మణికట్టు విరుగుతుంది. పాత డ్రైవర్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇంజన్ తిరగడం మొదలైందని సంబరపడితే చాలదు, టాపెట్ కవర్ విప్పాలి. హ్యాండిల్ తిప్పుతుంటే ఎనిమిది వాల్వులూ ఒకదాని తర్వాత ఒకటి దిగి లేవాలి. ఏదైనా దిగి అక్కడే ఉండిపోయిందంటే గైడ్‌లో జామ్ అయినట్టు. అలాగే స్టార్ట్ చేస్తే పుష్ రాడ్ వంగుతుంది. అన్నీ కదులుతున్నాయని తేలాక గ్యాప్ పెట్టడం. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు టాపెట్ గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఇక్కడ మెకానిక్కులు తరతరాలుగా వాడే లెక్క ఒకటుంది: తొమ్మిది లెక్క. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటోది సరిచేయాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది, నాలుగోది తెరుచుకుంటే ఐదోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. చదువు పెద్దగా లేని కుర్రాడు కూడా ఈ లెక్కతో పొరపాటు లేకుండా ఎనిమిదీ పెట్టేయగలడు. ఇంత చక్కని సూత్రాన్ని మొదట ఎవరు కనిపెట్టారో గానీ ఆయనకు దండం పెట్టాలి.

పాత పెట్రోల్ సంగతి చెప్పనక్కర్లేదు, ట్యాంకు మూత తీస్తేనే వార్నీషు వాసన కొడుతుంది. ఏళ్ల మీద అది జిగురుగా మారి గొట్టాలనూ జెట్‌నూ మూసేస్తుంది. ట్యాంకు దింపి, లోపల గుప్పెడు కంకరో, సైకిల్ చైను ముక్కలో వేసి, నీళ్లు పోసి ఊపి తుప్పు రాలగొడతారు. ఖాళీగా కనిపిస్తోంది కదా అని ట్యాంకుకు వెల్డింగ్ పెట్టబోకండి. మిగిలిన పెట్రోల్ ఆవిరే బాంబవుతుంది. రబ్బరు గొట్టాలూ, పెట్రోల్ పంపు డయాఫ్రమూ మార్చక తప్పదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు అడిగి తీసుకోవాలి. మళ్లీ బండిని నెలల తరబడి ఆపాల్సి వస్తే ట్యాంకులో ఆ పెట్రోల్ ఉంచకూడదు.

కార్బొరేటర్ దగ్గరే అసలు పనితనం తెలుస్తుంది. ఎస్‌యూ కార్బొరేటర్ విప్పి చూస్తే ఉండేది తక్కువే: పైకీ కిందికీ కదిలే పిస్టన్, దాని అడుగున సన్నటి సూది, సూది దిగే జెట్. పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కిందికి పడాలి. నత్తనడకన దిగిందంటే మురికి పట్టిందనో, సూది జెట్‌కు రాచుకుంటోందనో అర్థం. బండి స్టార్టయి వేడెక్కాక మెకానిక్ ఆ పిస్టన్‌ను వెంట్రుకవాసి పైకెత్తి చెవి ఒగ్గుతాడు. ఇంజన్ వేగం ఒక్క క్షణం పెరిగి మళ్లీ మామూలుకు వస్తే మిశ్రమం సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది. తగ్గిపోయి ఆగబోతే తక్కువ వెళ్తోంది. మీటరూ కంప్యూటరూ అక్కర్లేదు. జెట్ నట్‌ను ఒక్కో పలక చొప్పున తిప్పుతూ వింటూ పోవడమే. విజయవాడ ఆటోనగర్‌లో ఇలా చెవితో ట్యూనింగ్ చేసే చేతులు ఒకప్పుడు లెక్కలేనన్ని ఉండేవి.

స్టార్ట్ చేసే ముందు ఇంకో పని మిగిలే ఉంటుంది. కొత్త ఆయిల్ పోశాక ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ తిప్పి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా చూడాలి. అప్పుడే బేరింగులకు నూనె అందినట్టు. పక్కన ఇసుక బకెట్ ఉండాలి. వాటర్ పంపు కారుతోందా, రేడియేటర్ అడుగున బురద చేరిందా అన్నవి ఇంజన్ వేడెక్కేలోపు తేలాలి, వేడెక్కాక తేలితే హెడ్ గాస్కెట్ ఖర్చు తోడవుతుంది.

ఇంజన్ పలికిన ఉత్సాహంలో బండిని రోడ్డెక్కించేవాళ్లను చూస్తే భయమేస్తుంది. నా మటుకు బ్రేకులు పూర్తయ్యేదాకా బండి షెడ్డు గడప దాటకూడదు. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుని వీల్ సిలిండర్లను లోపలి నుంచి తినేస్తుంది. ఫ్లెక్సిబుల్ గొట్టాలు మరీ మోసకారివి. పైకి బాగానే ఉంటాయి, లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. పెడల్ తొక్కితే బ్రేక్ పడుతుంది, కాలు తీస్తే వదలదు. నాలుగు చక్రాల సిలిండర్లూ, మాస్టర్ సిలిండరూ, గొట్టాలూ, టైర్లూ, ఇక్కడ బేరాలు వద్దు. టైరులో అరుగుదల కనబడకపోయినా ఇరవై ఏళ్ల రబ్బరు రబ్బరు కాదు.

ఇక బాడీ. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. అందుకే డోర్ల కింది పట్టీలు, ఫ్లోరు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, ప్రాణానికి సంబంధించింది. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ల బండ్లను జాకీ ఎత్తి అడుగు చూడకుండా కొనకూడదు. అవసరమైన చోట టింకరింగ్ చేయించండి. అక్కడితో ఆపండి. చాలామంది ఆపరు. పాత రంగు గీకేసి మెరిసే మెటాలిక్ పెయింట్, సీట్లకు ఎర్ర రెక్సిన్, అలాయ్ చక్రాలు, పైగా ఏసీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. తాతగారి చెయ్యి పడి అరిగిన స్టీరింగు, పొద్దుటి ఎండకు వెలిసిన డోరు మళ్లీ ఎక్కడా దొరకవు. వెలిసిన రంగు లోపం కాదు. బండిని లేపడం వేరు, కొత్త బండి చేయడం వేరు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్‌ను అద్దంలా ఉంచడానికి రాజకుటుంబం ఉంది. మన అంబాసిడర్‌కు ఉన్నది దాని పాతదనమే.

పాతదనానికి చట్టంలోనూ విలువ వచ్చింది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అప్పటికే రిజిస్టరైన బండి పాత నంబర్ ఉంచుకోవచ్చు. రోజువారీ తిరుగుళ్లకూ, కిరాయికీ మాత్రం వాడకూడదు. 1975 దాకా వచ్చిన మార్క్ 2 బండ్లు దాదాపు అన్నీ ఆ గీత దాటేశాయి. అప్పట్లో పెట్రోల్ ఖర్చుకు భయపడి డీజిల్ ఇంజన్ వేయించినవాళ్లకే ఇప్పుడు చిక్కు.

విడిభాగాలకు ఇంకా కరువు రాలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే అంబాసిడర్ సామాను దొరుకుతుంది. దొరకనిది మనుషులు. తొమ్మిది లెక్క నోటికొచ్చిన, ఎస్‌యూ పిస్టన్ చప్పుడు చెవికి తెలిసిన మెకానిక్కులు చాలామంది అరవై దాటారు, కొడుకులు స్కానర్ పెట్టి పనిచేసే షెడ్లలో ఉన్నారు. మీ దొడ్లో అంబాసిడర్ ఉంటే దాన్ని కిలోల లెక్కన పాత ఇనుములో వేయకముందు అలాంటి ఒక పెద్దాయనను పిలిపించండి. ఆయన పనిచేసే రోజుల్లో పానా అందించడానికి ఇంట్లో కుర్రాణ్ణో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టండి.