జాకీ ఎత్తక ముందే

మదనపల్లె మార్కెట్టులో టమాటా ఎత్తుకుని తిరుపతి వైపు బయల్దేరిన పికప్పు భాకరాపేట ఘాట్ దిగాలి. లోడుతో కలిపి మూడు టన్నులున్న బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగుతుందనుకుందాం. ఆ దిగుడులో వచ్చే శక్తి మొత్తం వేడిగా మారితే 30 లీటర్ల చన్నీళ్లు మరిగిపోతాయి. గేరు తగ్గించి దిగే డ్రైవరు అందులో చాలా భాగాన్ని ఇంజను మీదికి నెడతాడు. న్యూట్రల్‌లో దొర్లించే డ్రైవరు మొత్తం వేడిని బ్రేకుల నెత్తిన పెడతాడు.

అందుకే ఘాట్ దారుల్లో తిరిగే పికప్పు యజమానులు ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్‌ను అడుగుతారు: "అన్నా, ఇంకొంచెం మంచి బ్రేకులు వేయలేమా?" వేయొచ్చు. అయితే చేయి తిరిగిన మెకానిక్ వెంటనే సామాన్ల చీటీ రాయడు. బండిని జాకీ మీదికి ఎత్తక ముందే ఒకసారి తోలి చూస్తాడు. బ్రేకు నొక్కితే స్టీరింగు ఏ పక్కకు లాగుతోంది, పెడలు కాలి కింద దడదడలాడుతోందా, మెత్తగా లోపలికి పోతోందా అని గమనిస్తాడు. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి వేడి చూస్తాడు. ఒక పక్క డిస్కు మాత్రమే కాలుతోందంటే క్యాలిపర్ పిన్ను పట్టేసి ఉండొచ్చు. కొత్త డిస్కు తెచ్చి బిగించినా ఆ జబ్బు అలాగే ఉంటుంది.

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్స్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ గెలిచాక లోకానికి దాని సత్తా తెలిసింది. డ్రమ్ములో వేడి లోపలే మగ్గుతుంది, డిస్కు మాత్రం గాలికి ఆరుతుంది. అమెరికాలో షెవర్లే పికప్పులకు 1971 మోడలు నుంచి ముందు చక్రాలకు డిస్కులు మామూలుగా వచ్చాయి. అంతకు ముందరి బళ్లున్నవాళ్లు నేటికీ ఇంటి షెడ్లలోనే డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టుకుంటున్నారు. మన బొలేరో పికప్పుకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు.

చక్రం ఊడదీశాక మొదట చేయాల్సింది కొలత. డిస్కు అంచునో హబ్బు దగ్గరో దాని కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. తుప్పు గోకి ఆ అంకె చదవాలి. తర్వాత మైక్రోమీటరుతో చుట్టూ ఏడెనిమిది చోట్ల మందం చూడాలి. పెడలు దడదడలాడితే "డిస్కు బెండయింది" అనేస్తారు. చాలాసార్లు అది బెండు కాదు. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయి ఉంటుంది. లేతు మీద ఒక పొర తీయిస్తే దడ పోతుంది, నిజమే. అదే పనిగా తీయిస్తే డిస్కు పలచబడుతుంది. పలచబడిన డిస్కు వేడిని తక్కువే మోయగలదు. లోడు బండికి ఆ ఆదా వద్దని గట్టిగా చెబుతాను.

ఇక హబ్బు. కొత్త డిస్కు కూర్చునే చోట తుప్పు పొర మిగిలితే డిస్కు వంకరగా కూర్చుంటుంది. వైరు బ్రష్షు, ఉప్పుకాగితం పట్టుకుని లోహం మెరిసేదాకా రుద్దాలి. కుర్రవాళ్లకు విసుగు పుట్టించే పని ఇది. అయినా పెద్ద మెకానిక్ దగ్గరికొచ్చి వేలితో తడిమి చూశాకే డిస్కు పెట్టనిస్తాడు. ఆపైన డయల్ గేజి ఆనించి డిస్కు తిప్పితే ముల్లు ఆట మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉండాలి. కచ్చితమైన హద్దు కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

మన షెడ్లలో మానుకోవాల్సిన అలవాట్లూ ఉన్నాయి. క్యాలిపర్‌ను హోసుకు వేలాడదీయకూడదు, తీగతో స్ప్రింగుకు కట్టాలి. రబ్బరు సీళ్లను పెట్రోలుతోనో డీజిలుతోనో కడిగితే అవి ఉబ్బి పాడవుతాయి. బ్రేకు దుమ్మును గాలితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఊదితే ఆ దుమ్ము పోయేది పక్కనున్న కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి.

బ్రేకాయిలు సంగతి చాలామంది మరిచిపోతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుట్టి పెడలు అడుగంటిపోతుంది. రెండేళ్లకోసారి పాతది పూర్తిగా తీసేయాలి. నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పెద్ద మార్పు ఇదే.

పెద్ద డిస్కులు, రంధ్రాల డిస్కులు కొనాలని కొందరికి ఉబలాటం. రంధ్రాల చుట్టూ పగుళ్లు పుట్టే ప్రమాదం ఉంది కాబట్టి బరువు మోసే బండికి మామూలు వెంటిలేటెడ్ డిస్కే మేలు. ముందు బ్రేకుల పట్టు ఒక్కటే పెంచితే వెనక డ్రమ్ములతో పొత్తు చెడుతుంది. వెనక లైనర్లూ, లోడును బట్టి పనిచేసే వాల్వూ సరిగా ఉన్నాయో లేదో అదే రోజు చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. కనుక కంపెనీ కొలతలోనే మంచి డిస్కులు, మంచి ప్యాడ్లు, కొత్త హోసులు వేయించుకోవడం తెలివైన దారి.

పని అయ్యాక ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, పది సార్లు నెమ్మదిగా తగ్గించండి. తర్వాత కాసేపు బ్రేకు తొక్కకుండా తోలి చల్లారనివ్వండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు అమరేదాకా ఆ బండికి ఘాట్ లోడు ఒప్పుకోకండి.