అంతియొకయ: క్షీణత ఎవరిది?

మన ప్రబంధాల పురవర్ణనలతో పరిచయమున్నవారికి లిబానియస్ కొత్తవాడనిపించడు. క్రీ.శ. 4వ శతాబ్దంలో గ్రీకులో వక్తృత్వం బోధించిన ఈ పంతులు తన సొంత ఊరు అంతియొకయను కీర్తిస్తూ సుదీర్ఘ ప్రసంగమొకటి రాశాడు. రోమన్ సామ్రాజ్యంలో సిరియా రాష్ట్రానికి రాజధాని ఆ నగరం. ఒరాంటిస్ నది, దాఫ్నే ఊటలు, ఇరుపక్కలా స్తంభాల వసారాలతో సాగే రాజవీధి, రాత్రిని పగలు చేసే దీపాలు - వర్ణనకు లోటు లేదు. పల్లె కూడా వస్తుంది. అయితే జాతరలతో కళకళలాడుతూ వస్తుంది.

ఈ ప్రసంగాన్ని చూపి రోమన్ వైభవం గురించి రాయడం పరిపాటి. అలా రాసేవారు అదే రచయిత 385 ప్రాంతంలో రాసిన ఇంకో ప్రసంగం జోలికి ఎందుకు పోరో! గాడిదల మీద సరుకు తెచ్చి నగరంలో దించిన రైతులను తిరుగుదారిలో ఆపి, కట్టడాల దగ్గర పోగుపడ్డ మట్టీ రాళ్లూ ఆ గాడిదల మీదికెత్తి ఊరి బయటికి మోయించేవారు. కూలి లేదు. మన మాటలో వెట్టి. అధికారి అనుమతి సంపాదించిన ధనికుడు తన సొంత మేడకైనా ఈ చాకిరీ చేయించుకోవచ్చు. ఇది అన్యాయమని లిబానియస్ థియొడోసియస్ చక్రవర్తికి విన్నవించాడు. రాజవీధి స్తంభాల కన్నా ఆ గాడిదలే నగర స్వభావాన్ని సూటిగా చెబుతాయని నా అభిప్రాయం.

ఇదే లిబానియస్, నాలుగు తరాలుగా తమ భూమి దున్నుతున్న యూదు రైతులు ఒక సేనాని అండతో ఎదురుతిరిగితే న్యాయస్థానానికెక్కాడు. ఓడిపోయి, పల్లెలకు సేనానుల అండ ఏమిటని మండిపడుతూ మరో ప్రసంగం రాశాడు. పరుల గాడిదల మీద జాలి, తన కౌలుదార్ల మీద కోపం! దీన్ని కపటమని కొట్టిపారేస్తే విమర్శకుడికి పని తేలికే. రాజరికవాది బాల్జాక్ రచనల్లోని వాస్తవికత గురించి 1888లో ఎంగెల్స్ రాసిన ఉత్తరాన్ని మనం తరచు వల్లిస్తాం; అన్వయించాల్సి వచ్చినప్పుడు మరిచిపోతాం. తన వర్గానికి నొప్పి తగలనంతసేపు ఈ పంతులు కన్ను నిర్మలంగానే చూసింది.

నగరం క్షీణిస్తోందని విలపించినవాడూ ఆయనే. ఆరువందల మంది ఉండిన నగరసభలో అరవైమంది కూడా మిగల్లేదంటాడు. సభ్యత్వంతో వచ్చే ఖర్చులు తప్పించుకోడానికి కలవారు చక్రవర్తి కొలువుల్లోకి జారుకున్నారు. 362-63 కరువులో జూలియన్ చక్రవర్తి ధర కట్టి, బయటినుంచి గోధుమ తెప్పిస్తే, ధనికులు తమ ధాన్యాన్ని పల్లెల్లో హెచ్చు ధరకు రహస్యంగా అమ్ముకున్నారు. ఆ మాట రాసింది జూలియనే, తన గడ్డాన్ని వెక్కిరించిన నగరం మీద రాసిన వ్యంగ్యరచనలో. 387లో కొత్త పన్నుకు జనం తిరగబడి రాజప్రతిమలు కూలదోశారు.

కాగా నగరానికి తూర్పున సున్నపురాతి కొండల మీద వందలాది పల్లెల శిథిలాలున్నాయి. రాతి ఇళ్లు, ఆలివ్ నూనె గానుగలు. 4 నుంచి 6వ శతాబ్దం దాకా ఆ పల్లెలు పెరుగుతూనే వచ్చాయి. వాటిలో నలభై దాకా 2011లో యునెస్కో జాబితాకెక్కాయి. సభాసదుడి విలాపాన్ని దేశం మొత్తం విలాపంగా చదివే చరిత్రకారుడికి ఈ గానుగలు అడ్డు తగులుతాయి.

నగరం నిజంగా కుంగింది తర్వాత. 115లో ట్రాజన్ అక్కడ ఉండగానే వచ్చిన భూకంపం నుంచి లేచిన ఊరు, 526 భూకంపం నుంచి అంతగా తేరుకోలేదు. 540లో పారశీక రాజు ఖుస్రో దాన్ని తగలబెట్టి, జనాన్ని తన రాజధాని దగ్గరికి తరలించుకుపోయాడు. తర్వాత జస్టీనియన్ కట్టించింది కుదించిన ప్రాకారం.

లిబానియస్‌ను తెలుగులోకి తేదలచినవారు నగరస్తుతిని తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ గాడిదల ప్రసంగం రావాలి, వెంటనే కౌలుదార్లది.