దాతల కొఱకు వ్రాయు కథలు

బాలబాలికల విద్యకై పాటుపడు స్వచ్ఛంద సంస్థలు నేడు మన దేశమున అనేకము గలవు. వానిలో పెద్దవానియందు ఉపాధ్యాయులు, కార్యకర్తలు, లెక్కలు వ్రాయువారు గాక మఱియొక ఉద్యోగియు నుండును. సంస్థ చేసిన పనిని కథగా మలచి, నివేదికలయందును, దాతలకు పంపు లేఖలయందును, చలనచిత్రములయందును ప్రకటించుట యాతని పని. కంటెంట్ స్ట్రాటజిస్టనియు, స్టోరీటెల్లరనియు ఈ యుద్యోగమునకు పేళ్లు. ఆ కథలు మన యిండ్లకును వచ్చుచున్నవి. మనము చదివి, మనసు కరగి, తోచినంత ద్రవ్యము పంపుచున్నాము. ఇంతమంది చదువు రచనను విమర్శకులు పట్టించుకొనక విడుచుట తగదని తలచి, దాని గుణదోషములను ఇచట కొంత విచారింప బూనితిమి.

ఈ కథల నడక తఱచుగా ఒక్కటే. ఒక బాలిక, పేదయిల్లు. తండ్రి త్రాగుబోతు, కాకున్న చదువు విలువ నెఱుగనివాడు. బాలిక బడి మానినది. అంతలో సంస్థవారు వచ్చిరి. ఇప్పుడామె చదువుచున్నది, డాక్టరు కావలెనని కోరుచున్నది. ప్రక్కన నవ్వుమొగముతో ఆమె ఛాయాచిత్రము. తుదను, ఎంత ద్రవ్యమిచ్చిన ఇట్టి బాలిక నొకతెను చదివింపవచ్చునో తెలుపు లెక్క. పేరును ఊరును మార్చినచో ఒక సంస్థ కథ మఱియొక సంస్థకు చక్కగా సరిపోవును.

ఇట్లు వ్రాయుటకు కారణము లేకపోలేదు. స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ అను మువ్వురు పండితులు 2007లో ఒక పరిశోధనమును ప్రకటించిరి. అమెరికాలో కొందఱికి 5 డాలర్ల చొప్పున ఇచ్చి, అందుండి దానము కోరిరి. మాలీ దేశపు ఏడేండ్ల బాలిక యొకతె కథ చదివినవారు సగటున 2.38 డాలర్లిచ్చిరి. లక్షలాది ప్రజల ఆకలిని తెలుపు అంకెలు మాత్రమే చూచినవారు 1.14 డాలర్లిచ్చిరి. వింత యేమన, కథను అంకెలను కలిపి చదివినవారు ఇచ్చినది 1.43 మాత్రమే. లెక్క చేరినంతనే జాలి తగ్గినది! దీనికి తోడు మన దేశమున 2013 నాటి కంపెనీల చట్టము, పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 వంతులు సాంఘిక కార్యములకు వెచ్చింపవలెనని విధించినది. విద్య అందులో నొకటి. ఆ ద్రవ్యమునకై పోటీపడు సంస్థలు కంటతడి పెట్టించు కథను ఎన్నుకొనుట సహజమే. ద్రవ్యము లేక బడి నడవదు. కావున కథలు వ్రాయుటను మేము తప్పుపట్టము. ఆ కథలు దేనిని విడిచిపెట్టుచున్నవో దానినే అడుగుచున్నాము.

మొదట విడిచిపెట్టునది కారణము. బాలిక బడి ఏల మానెను? గత శతాబ్దాంతమునను ఈ శతాబ్దారంభమునను మహబూబునగరు, కర్నూలు జిల్లాలలోని సీడు పత్తి చేలలో క్రాసింగు పనికి వేలకొలది బాలికలను దింపిరి. తెల్లవాఱినది మొదలు పూవు పూవునకు చేతితో పుప్పొడి అద్దవలెను. తల్లిదండ్రులకు ముందుగనే బయానా ముట్టియుండును. ఆ రైతుకు వెనుక విత్తనముల కంపెనీయు, ఆ కంపెనీ నిర్ణయించిన ధరయు నుండెను. ఇంత పెద్ద గొలుసును త్రెంచివైచి, దోషమంతయు ఒక తండ్రి త్రాగుడుపై మోపుట కథకు సుకరమే గాని సత్యము కాదు. ఒకవేళ అట్టి వ్యాపారియే దాతయైనచో కథకుడేమి వ్రాయును? ఈ రచనకు నిజమైన పరీక్ష అచటనే యున్నది.

రెండవది హక్కు. 2009లో శాసనమై 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలైన చట్టము ప్రకారము ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బాలలకు ఉచితవిద్య హక్కు. కథలో అది దాత చేసిన ఉపకారముగా మాఱుచున్నది. తనకు రావలసిన దానిని పొందిన బాలిక చేతులు జోడించి నిలుచుండును; బడి నడుపవలసిన ప్రభుత్వమును అడుగువాడు లేడు.

మూడవది మర్యాద. 2015 నాటి బాలల న్యాయచట్టము, రక్షణ కావలసిన బాలల విచారణలను గూర్చిన వార్తలలో వారి పేరు, బడి, చిత్రము వెల్లడింపరాదని శాసించినది. వార్తకు తగిన ఈ మర్యాద కథకు తగదా? నేడు ప్రకటించిన చిత్రము పదేండ్లకును చెరిగిపోదు. ఆ బాలిక పెరిగి, ఉద్యోగమున జేరి, ఇల్లాలైన పిమ్మట, తన తండ్రిని త్రాగుబోతుగా లోకమునకు చూపిన పుటను తానే చదువవలసి వచ్చును. చదువు నేర్పిన ఫలమిదియా?

ఇంతకంటె మేలైన మార్గము లేదందుమా? కలదు. 1981లో నెలకొని, 1991నుండి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల విముక్తికి పాటుపడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను, బడి వెలుపలనున్న ప్రతి బాలుడును కార్మికుడే యని నిర్ధారించినది. పేదతల్లిదండ్రులకు చదువుపై కోరిక లేదను వాదమును త్రోసిపుచ్చినది. దాని వృత్తాంతమున నాయకుడు దాత కాడు. పంచాయతీ, యువకులు, సర్కారుబడి ఉపాధ్యాయులు కలిసి నాయకులు. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసె బహుమానము వచ్చినది ఈ కృషికే.

అట్లే, ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో 2005లో ఆరంభమైన అసర్ సర్వేను చూడుడు. పల్లెటూళ్ల యిండ్లకు పోయి, రెండవ తరగతి పాఠమును చిన్నవారిచేత చదివించి చూతురు. అయిదవ తరగతి బాలలలో దానిని చదువగలిగినవారు 2022లో నూటికి 42.8, 2024లో 48.8. చదువు నేర్పుటయే తన పనిగా గల సంస్థ, దేశమున చదువు రాని పిల్లలెందఱో దాచక చెప్పుట మెచ్చదగినది. అంకె జాలిని తగ్గించునేమో గాని, అబద్ధమును కూడ తగ్గించును.

కావున ఈ కథకులకు మా మనవి యొక్కటే. కథను దాతకు పంపుటకు మునుపు ఆ బాలికకును తల్లికిని వారి భాషలో చదివి వినిపింపుడు. తలవంపులు లేక "ఔను, ఇది మా కథయే" యని వారనినచో ప్రకటింపుడు. కాదన్నచో తిరిగి వ్రాయుడు. చదువరులకును ఒక మాట. కథ చదివి కన్ను చెమర్చినపుడు ద్రవ్యము పంపుడు. దానితోపాటు ఆ బాలిక ఊరి బడిలో ఉపాధ్యాయులెందఱున్నారని కూడ అడుగుడు. అడుగు చదువరి యున్నచోట కథకుడు సత్యము వ్రాయక తప్పదు.