మాయా ఏంజెలో ఆత్మకథలో నైట్‌క్లబ్ నర్తకి: దేహం, శ్రమ, సత్యం

ఆత్మకథ రాసిన స్త్రీ తన జీవితంలోని ఏయే ఘట్టాలను బయటపెట్టిందన్నది విమర్శలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న. వాటిని ఏ దృష్టితో చెప్పిందన్నది అంతకన్నా కీలకమైనది. ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి మాయా ఏంజెలో (1928-2014) రాసిన ఏడు ఆత్మకథా సంపుటాలలో మూడవది ‘సింగిన్ అండ్ స్వింగిన్ అండ్ గెటిన్ మెర్రీ లైక్ క్రిస్మస్’ (1976). 1950ల తొలినాళ్ళలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక స్ట్రిప్ క్లబ్బులో ఆమె నర్తకిగా పనిచేసిన ఘట్టం ఇందులో ఉంది. పేదరికం నుంచి కీర్తి వైపు సాగిన ప్రయాణంలో దీన్ని ఒక మజిలీగా చదవడం సులభం. అయితే ఆ పఠనం ఈ ఘట్టంలోని అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది.

గ్రీకు సంతతికి చెందిన తోష్ ఏంజెలోస్‌తో వివాహబంధం ముగిశాక, కొడుకును పోషించే భారం ఆమెపై పడింది. అందువల్ల ఆమె వేదిక ఎక్కడానికి కళాతృష్ణ కన్నా జీవిక ప్రధాన కారణమైంది. తోటి నర్తకులు శ్వేతజాతి స్త్రీలు. వారు బర్లెస్క్ పద్ధతిలో దుస్తులు ఒక్కొక్కటిగా తొలగిస్తూ నర్తించేవారు. తాను నృత్యం చేస్తానే తప్ప దుస్తులు విప్పనన్నది ఆమె గీసుకున్న గీత. ఈ గీత ఆమె ఆత్మగౌరవాన్ని నిలిపింది. కాని, నల్లజాతి స్త్రీ దేహాన్ని వింత వస్తువుగా చూసే చూపును అది ఆపగలిగిందని చెప్పలేం.

క్లబ్బు ఆదాయం నృత్యంతో ముగియదు. నర్తకి కస్టమర్ పక్కన కూర్చొని అతనిచేత పానీయాలు కొనిపించాలి. అందులో ఆమెకు కమీషన్ దక్కుతుంది. ఆమెకని తెచ్చే గ్లాసులో మద్యానికి బదులు శీతల పానీయం ఉంటుంది. ఈ రహస్యాన్ని ఏంజెలో కస్టమర్లకు తానే చెప్పేస్తుంది. ఆశ్చర్యమేమంటే, ఈ నిజాయితీ వల్ల ఆమె అమ్మకాలు పెరుగుతాయి; అదే తోటి నర్తకుల అనుమానానికీ, చివరికి ఉద్యోగం పోవడానికీ దారితీస్తుంది.

ఈ ఘట్టాన్ని సత్యానికి దక్కిన విజయంగా మాత్రమే భావించడం సరికాదు. మోసం సరుకైన చోట సత్యం కూడా సరుకే అయింది. పైగా తోటి స్త్రీల జీవనం ఆ మోసంపైనే ఆధారపడి ఉంది. వారి అసూయ కనిపించినంత స్పష్టంగా వారి అవసరం ఈ కథనంలో కనిపించదు. ఇది రచనలోని పరిమితి. మరొక అంశం కూడా గమనించదగినది. కస్టమర్‌కు తెరవెనుక లెక్కలు చెప్పి నమ్మకం పొందిన పద్ధతినే ఆత్మకథకురాలు పాఠకుని విషయంలోనూ అనుసరిస్తుంది. ఆ విధంగా పాఠకుడు తనకు తెలియకుండానే ఆ బల్ల దగ్గర కూర్చుంటాడు.

తరువాత పర్పుల్ ఆనియన్ క్లబ్బులో ఆమె కాలిప్సో గాయని అయింది. మార్గరీట్ జాన్సన్ ‘మాయా ఏంజెలో’గా మారింది అక్కడే. సోదరుడు బెయిలీ చిన్ననాట పెట్టిన ముద్దుపేరు, విడిపోయిన భర్త ఇంటిపేరు కలిసి ఈ రంగస్థలనామం రూపొందింది. ప్రపంచ సాహిత్యంలో స్థిరపడిన ఆ పేరు నైట్‌క్లబ్ అవసరం కోసం పుట్టిందన్న వాస్తవం, ఆ దశను అప్రధానమైనదిగా భావించే వీలు లేకుండా చేస్తుంది.

‘పోర్గీ అండ్ బెస్’ బృందంతో 1954-55లో విదేశాలలో పర్యటించిన కాలంలో ఆమె ఎడబాటుతో కొడుకు చర్మవ్యాధికి గురవుతాడు. కళకు వచ్చిన గుర్తింపు పక్కనే తల్లి అపరాధభావం నిలుస్తుంది. వేదికపై వెలుగు ఎంత పెరిగినా, ఆమెను వేదిక ఎక్కించిన బాధ్యత తీరలేదు. కనుక ఈ సంపుటిని పతనం, ఉద్ధరణ అనే చట్రంలో బిగించకుండా ఒక శ్రామిక స్త్రీ కథనంగా చదవడం సముచితం. అలా చదివినప్పుడు నర్తకి దేహం వెనుకనున్న కూలి లెక్క, ఆ లెక్కను బయటపెట్టిన స్వరం రెండూ వినిపిస్తాయి.